సంగీతం ఎక్కకముందు

"అరే అరుణ్, ప్రాజెక్టు కట్ట మీద షూటింగ్ అంటున్నవు. కెమెరాల చూసుకుంట ఎనుకకు నడిచి నీళ్లల్ల పడితె ఎట్లరా?"

"అమ్మా, నేను కెమెరా పట్టుకోను. కంప్యూటర్ ముందు కూసుంట."

"కూసున్నోనికి కరెంటు షాక్ కొట్టదా?"

"కొడితె ఫస్టు నీకే ఫోన్ చేస్త. జెర టిఫిన్ పెట్టు, బస్సు పోతది."

నా కొడుకు ఇలాగే మాట్లాడతాడు. నేను ఏడో తరగతి దాకా చదివాను. బీడీలు చుడతాను. మా ఆయన లారీ మీద పోతాడు. లారీ కామారెడ్డి దాటిన దగ్గర నుంచి తిరిగి వచ్చే దాకా నాకు మోగిన ప్రతి ఫోనూ చెడ్డ ఫోనే. అలాంటిదాని కడుపున, భయం అంటే ఏ రంగులో ఉంటుందో తెలియనివాడు పుట్టాడు.

పెళ్లి వీడియోలు కలిపే పని కామారెడ్డిలోనే నేర్చుకున్నాడు. అక్కడి నుంచి హైదరాబాదులో ఒక సినిమా ఎడిటర్ దగ్గర అసిస్టెంటుగా చేరాడు. ఆ ఎడిటర్ చేతికి వచ్చిన ఒక చిన్న సినిమాని మన ఎల్లారెడ్డి, పోచారం వైపే తీశారు. ఏ రోజు తీసింది ఆ రోజు హార్డ్ డిస్కులోకి ఎక్కించి సరిచూడటం అరుణ్ పని.

మొదటి రోజే గొడవ. ఎల్లారెడ్డి ఆటో స్టాండు ముందర ఒక జిరాక్స్ షాపు ఉంది. మావాడు ఎవరినీ అడక్కుండా లోపలికి పోయి తన కంప్యూటర్ ప్లగ్గు పెట్టాడు. ఠప్పుమని షాపంతా చీకటి. కౌంటర్ వెనక నుంచి ఒక పిల్ల లేచింది.

"ఎవల్ని అడిగి పెట్టినవ్ ప్లగ్గు?"

"షూటింగ్ మేడం. అర్జెంట్."

"నాది గూడ అర్జెంటే. ఈ అక్క హాల్ టికెట్ సగం అచ్చయి ఆగింది. సగం హాల్ టికెట్‌తోని సగం పరీక్ష రాస్తదా?"

"సారీ మేడం. మీ షాపును సినిమాల చూపిస్తం."

"షాపు తర్వాత. ముందు కరెంటు బిల్లు చూపిస్త, చూస్తవా?"

ఆటో స్టాండులో ఉన్న ఒకాయన విరగబడి నవ్వాడు. "ఓ పిల్లగా! నా బిడ్డతోని పెట్టుకోకు. నేనే పెట్టుకోను."

ఆయన వెంకటి. నాగిరెడ్డిపేట నుంచి ఎల్లారెడ్డికి ఆటో నడిపేవాడు. ఆ పిల్ల ఆయన కూతురు పల్లవి. వెంకటికి గొంతే ఆస్తి. "నాగిరెడ్డిపేట, నాగిరెడ్డిపేట" అని ఆయన కేక వేస్తే బస్సు ఎక్కబోయేవాళ్లు కూడా దిగి ఆటోలో కూర్చునేవారట. ఆ కేక డైరెక్టరు చెవిన పడింది. హీరోను ఊరికి తీసుకొచ్చే ఆటో డ్రైవరు వేషం ఆయనకే ఇచ్చారు.

షూటింగ్ సాగినన్నాళ్లూ మావాడి హార్డ్ డిస్కులు ఎక్కించే పని ఆ జిరాక్స్ షాపులోనే సాగింది. ఎల్లారెడ్డిలో వేరే షాపులు లేవా అంటే, "అక్కడ వోల్టేజ్ మంచిగుంటదమ్మా" అన్నాడు. నేను అంత తెలివితక్కువదాన్ని కాదు.

ఒకనాడు సినిమా కోసం ట్యాంకర్ తెచ్చి పైపులతో వాన కురిపించారట. హీరోయిను వణికిపోతుంటే నిజం వాన పట్టుకుంది. అందరూ పరుగు. మావాడు హార్డ్ డిస్కును చొక్కాలో దాచుకుని వెంకటి ఆటోలో దూరాడు. అప్పటికే అందులో పల్లవి ఉంది.

"మీ వానకు ట్యాంకర్ కిరాయి, డ్రైవర్ బత్తా. ఇది చూడు, ఫ్రీ," అందట.

"ఫ్రీ వాన సినిమాల కనపడదు మేడం. లైటు పెట్టాలె."

"నాకైతె కనపడుతున్నది."

"నాకు గూడ," అన్నాడట మావాడు, వాన వైపు చూడకుండా.

ముందు సీటులో వెంకటి అద్దం సరిచేసుకున్నాడు. "ఏం పిల్లగా, నిన్నటి దాంక నన్ను అన్న అంటివి. పొద్దటి సంది మామ అంటున్నవు. రాత్రికి రాత్రి నాకు ఏమాయె?"

పల్లవి చున్నీతో మూతి కప్పుకుని బయటికి చూసింది.

ఈ ముచ్చట వాడు నాకు చెబుతుంటే నడుమనే అడ్డుపడ్డాను. "వాళ్లెవలో, మనమెవలం. ఆ పిల్ల అన్నలు వచ్చి కొడితె?"

"అన్నలు లేరమ్మా."

"బావలుంటరు."

"అమ్మా, నువ్వు గిన సినిమాకు కథ రాస్తె ఇంటర్వెల్ దాంక ఎవడూ బతకడు."

షూటింగ్ ఆఖరి రోజున వెంకటి అడిగాడట. "నా మొఖం సరే బిడ్డా. నా గొంతు థియేటర్ల మోగుతదా?" మావాడు ఆయన చేయి పట్టుకున్నాడు. "మోగుతది మామా. కామారెడ్డి అంత ఇనపడుతది."

ఆ మాట ఇచ్చినప్పుడు వాడు అబద్ధం చెప్పలేదు. మొదట కలిపిన సినిమాలో వెంకటి గొంతే ఉంది. తీసినవన్నీ తప్పులతో సహా వరసగా పేర్చి కలిపితే దాన్ని రఫ్ కట్ అంటారట. అందులో సంగీతం ఉండదు. పైన నంబర్లు పరుగెడుతుంటాయి. పాట రావలసిన చోట నల్ల తెర మీద "ఇక్కడ పాట" అని ఉంటుంది. ఆటోల చప్పుడు, కుక్కల అరుపు, అన్నీ అలాగే వినపడతాయి. దాన్ని చూసినవాళ్లు సినిమా పొడుగైంది, నవ్వు తగ్గింది అన్నారు. అంతే. వెంకటి సీను కత్తిరించారు. మిగిలిన ముక్కకు హైదరాబాదులో ఒక డబ్బింగ్ ఆయనతో మాట చెప్పించారు. పాత కాపీలు ఎడిటింగ్ రూములో ఉంచరు, చెరిపేస్తారు. చెరిపే పని అసిస్టెంటుది. అంటే మావాడిది.

అప్పుడు వాడికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భయం వేసింది.

"ఇయ్యాలనే ఫోన్ చేసి చెప్పురా," అన్నాను. "చెప్పకుంటె వాళ్లు చుట్టాలందర్ని తోలుకోని వస్తరు."

"చెప్తనమ్మా. రేపు చెప్త."

రేపు అంటూనే సినిమా వచ్చేసింది. ఎల్లారెడ్డి ఆటోవాళ్లంతా పైసలు వేసుకుని ఫ్లెక్సీ కట్టించారు. అందులో హీరో మూలకు చిన్నగా ఉన్నాడు. నడుమ వెంకటి, నల్ల కళ్లద్దాలతో, నిలువెత్తు. ఆటోలన్నీ వరసకట్టి హారన్లు కొట్టుకుంటూ కామారెడ్డి థియేటరుకు వచ్చాయి. నేను కూడా వెళ్లాను. పల్లవి నా పక్క సీట్లోనే కూర్చుంది.

"తినరేంది ఆంటీ? పాప్‌కార్న్ చల్లారుతున్నది."

"గొంతు దిగుతలేదు బిడ్డా."

"భయపడకుండ్రి, మా బాపు హీరోను కొట్టడు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయం పెరిగింది.

తెర మీద వెంకటి ముఖం వచ్చింది. ఈలలు. ఆయన నోరు తెరిచాడు. లోపలి నుంచి వేరే ఎవరో మాట్లాడారు. మన మాటనే సాగదీసి, వంకర తిప్పి, ముక్కుతో పలికి, ఎగతాళి మనిషిని చేశారు. హాలంతా పడిపడి నవ్వింది. మా వరసలో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఫ్లెక్సీ కట్టించినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేలోపు ఆ సీనే అయిపోయింది.

ఎప్పుడూ ఏదో అవుతుందని ఏడ్చేదాన్ని. ఏదీ అయ్యేది కాదు. ఈసారి అయింది.

బయటికి వచ్చాక వెంకటి కొత్త అంగీ దులుపుకున్నాడు. "మంచిగనే ఉన్నది. హీరో మంచిగ కొట్లాడిండు," అన్నాడు. పల్లవి నేరుగా మావాడి దగ్గరికి పోయింది.

"నీకు ముందుగాలనే ఎరుకనా?"

వాడు నేల చూశాడు. ఆ పిల్ల పోయి ఆటో ఎక్కి కూర్చుంది.

తర్వాత స్టాండులో పిల్లలు, పెద్దలు, ఆ సినిమా గొంతుతోనే వెంకటిని పిలవడం మొదలుపెట్టారు. "ఓ ఎంకటన్నా, గట్ల ఒక్కసారి అను!" ఆయన నవ్వి ఊరుకునేవాడట. కొన్నాళ్లకు కేక వేయడం మానేశాడు. చేయి ఎత్తి చూపించేవాడు, అంతే. వానాకాలం నడుమ గుండెలో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు. మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

నొప్పికీ సినిమాకూ సంబంధం ఉందా అని డాక్టరుని అడిగి, లేదనిపించుకుని వచ్చాడు మావాడు. అడిగినందుకు వాడికేమీ తేలిక కాలేదు. దినాలకు వెళ్లి ఒక మూల నిలబడ్డాడు. పల్లవి వాడి వైపు చూడలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. హైదరాబాదు పని వదిలేసి ఇంటికి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నేను ఇంట్లో ఎలుకల మందు తీసి దూరంగా పారేసి వచ్చాను.

"అమ్మా, ఎలుకలు అంగీ కొరికినయి. మందు ఏమాయె?"

"ఉండనీరా. ఎలుకలు ఉంటె ఉండనీ."

వాడికి నా భయం అర్థమైంది. లేచి వచ్చి నా పక్కన కూర్చుని, నా చాటలో నుంచి బీడీల తూనికాకు తీసుకుని కత్తిరించసాగాడు. చిన్నప్పుడు కూడా చేయని పని. "గట్లాంటి పని చెయ్యనమ్మా. నువ్వు నిమ్మలంగ ఉండు," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత ఒకరోజు వాడు స్టేషన్ వైపు పోతుంటే వెంట పడ్డాను. రైలు పట్టాలంటే నాకు ఇంకో భయం. వాడు పట్టాల దగ్గరికి పోలేదు. మజహర్ అనే ఆయన సెల్‌ఫోన్ల షాపులోకి పోయాడు. మజహర్‌కు ఒక పిచ్చి ఉంది. విడుదల కాకముందటి సినిమా కాపీలు దాచుకుంటాడు. ఎక్కడెక్కడో పాత హార్డ్ డిస్కులు, టేపులు, డీవీడీలు తూకానికి కొని తెస్తాడు. మొదటి కాపీలో ఏమున్నది, థియేటర్‌లో ఏం మారింది అని కూర్చుని చూసుకుంటాడు.

"ఇవి దొంగసరుకా బిడ్డా? పోలీసులు గిన వస్తె?" అన్నాను.

"తౌబా! నేను అమ్మనమ్మా, ఎవ్వరికి పంపను. సిర్ఫ్ చూస్త," అన్నాడు మజహర్. "ఇగో, ఈ సినిమా చూడుండ్రి. రిలీజుల లాస్టుకు ఇద్దరికి పెండ్లి అయితది. ఫస్టు కాపీల పిల్ల బస్సెక్కి పోతది. పిల్లగాడు నిలబడి చూస్తడు. ఖతం."

"పెండ్లి చేసిందే మంచిగున్నది," అన్నాను.

"జనం గూడ గట్లనే అన్నరు. అందుకే మార్చిన్రు. కాని అమ్మా, పెండ్లి సీన్ల ఆ పిల్ల కండ్లు చూడుండ్రి. బస్సెక్కిన ఏడుపు ఇంక పోలేదు."

అరుణ్ ఆ మాట వింటున్నట్టు లేడు. "మజహర్ భాయ్, మా సినిమా ఫస్టు కాపీ దొరికిందా?" అన్నాడు.

దొరికింది. కొనే ముందు చూసుకోమని ఎవరో డిస్ట్రిబ్యూటరుకు పంపిన మొదటి కాపీ. చూసి మూల పడేసిన డిస్కు, పాత సామాన్లతో పాటు తూకానికి వచ్చింది. మావాడు అక్కడే డైరెక్టరుకు ఫోన్ చేసి, వెంకటి ఇంట్లో చూపించొచ్చా అని అడిగాడు. ఆయన, "వాళ్లింట్ల చూపించు. బయట పెట్టకు," అన్నాడు. మజహర్ వెంకటి సీను ఒక్కటే పెన్ డ్రైవ్‌లో ఎక్కించి, పైసలు ఇవ్వబోతే చేయి వెనక్కు తీసుకున్నాడు.

కానీ అది పట్టుకుని వెళ్లేది ఎవరు? వాడి ముఖం చూడదు ఆ పిల్ల.

"నేను పోత," అన్నాను.

"నువ్వా? బస్సు ఎక్కితెనే టైర్ పగులుతదంటవు."

"పగిలితె పగులుతది."

వాడు ఊరుకోలేదు, వెంట వచ్చాడు. ఎల్లారెడ్డిలో బస్సు మారాం. దారి పొడుగునా వాన. నాగిరెడ్డిపేటలో దిగాక వాడు బస్టాండు రేకుల కింద ఆగిపోయాడు. నేను ఒక్కదాన్నే కొంగు కప్పుకుని వెళ్లాను. దారంతా ఒకటే ఆలోచన. మానుతున్న పుండు మీద చేయి పెడుతున్నానా? ఆ గొంతు వినగానే ఆ తల్లికి ఏమైనా అయితే? ఇంతకంటే వాళ్లు తిట్టి పంపితేనే నయం.

వెంకటి భార్య లక్ష్మీనర్సమ్మ తలుపు తీసింది. "వానల గిట్ల వచ్చినవేందక్కా?" అంటూ తువ్వాల ఇచ్చింది. పల్లవి లోపలి గదిలో నుంచి చూసి, గోడకు ఆనుకుని నిలబడింది. నేను విషయం చెప్పాను. చూడాలంటే చూడండి, వద్దంటే తీసుకుపోతాను అన్నాను.

"పల్లవీ, పెట్టు," అంది లక్ష్మీనర్సమ్మ.

టీవీలో నంబర్లు పరుగెత్తాయి. రంగు కూడా వెలిసినట్టుంది. ఆటో ఆగింది. వెంకటి తల బయట పెట్టి హీరోతో మాట్లాడాడు. ఆయన గొంతుతోనే. ఎగతాళి లేదు, సాగదీత లేదు. మన ఊరి మనిషి మన ఊరిలో మాట్లాడినట్టు మాట్లాడాడు. నడుమ ఒక మాట మరిచిపోయాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, కెమెరా పక్కన ఎవరితోనో, "ఇంకోపారి చెప్పాల్నా సారు? నా బిడ్డ చూసి నవ్వుతది, మంచిగ చెప్తనుండు," అన్నాడు. మళ్లీ మొదలుపెట్టబోయి దగ్గాడు. లోతుగా, వరసగా, ఛాతీ పట్టుకుని దగ్గాడు. దగ్గి, నవ్వి, "సురువు చెయ్యుండ్రి," అన్నాడు. తెర నల్లబడింది.

నేను లక్ష్మీనర్సమ్మ ముఖం చూడటానికి భయపడ్డాను.

"గదే దగ్గు," అంది ఆమె. "బీడీ తాగద్దంటె ఇనకపోతుండె. రాత్రిపూట గా దగ్గుకు నాకు నిద్ర పట్టకపోతుండె అక్కా. అవతలికి పోయి పండుకో అని తిట్టేదాన్ని." కొంగుతో కళ్లు తుడుచుకుని కూతురి వైపు తిరిగింది. "బిడ్డా, ఇంకోపారి పెట్టు. మాటలొద్దు. గా దగ్గు కాడ పెట్టు."

పల్లవి పెట్టింది. మళ్లీ పెట్టమంటే మళ్లీ పెట్టింది. సినిమావాళ్లు శుభ్రం చేసి తీసేసిన ఆ దగ్గును ముగ్గురం కూర్చుని విన్నాం.

ఎంతసేపయ్యిందో తెలియదు. తలుపు దగ్గర నీడ పడితే చూశాను. అరుణ్. బస్టాండులో ఉండలేక వచ్చినట్టున్నాడు. గడప బయటే నిలబడ్డాడు. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. జ్వరం వస్తుందని నా నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను.

"పల్లవీ," అన్నాడు. "నాకు ముందుగాలనే ఎరుకే. చెప్పాలంటె భయమైంది. చెప్తె నువ్వు మాట్లాడవేమో అని భయపడ్డ. గొంతు మార్చింది నేను కాదు. కాని మామను అందరి నడుమ గట్ల కూసోబెట్టింది నేనే. మాఫ్ చెయ్యమని అడుగను. ఒక్కటి అడుగుత. నా ఫోన్ ఎత్తకున్నా సరే, నేను చేసుకుంట ఉండొచ్చా? వద్దంటె ఇయ్యాలటి సంది చెయ్య."

పల్లవి టీవీ ముందు నుంచి కదల్లేదు. నల్ల తెర వైపే చూస్తోంది. లక్ష్మీనర్సమ్మ కూతుర్ని ఒకసారి చూసి, లేచి పొయ్యి దగ్గరికి పోయింది. చాయ గిన్నె పెట్టిన చప్పుడు, పాలు పొంగిన చప్పుడు, దించిన చప్పుడు. అన్నీ అయ్యాయి.

మావాడు తల ఊపాడు. "సరే," అని మెట్టు దిగాడు. ఆ రోడ్డు, ఆ వాన, ఆ పిల్లవాడు, అన్నీ చెడ్డగానే కనపడ్డాయి నాకు.

"నీకు ముందుగాలనే ఎరుకని బాపు గూడ పసిగట్టిండు," అంది పల్లవి.

వాడు ఆగాడు.

"సినిమా చూసి ఇంటికొచ్చినంక నాకు చెప్పిండు. పిల్లగాడు చెప్పలేక సతమతమైండు బిడ్డా, నువ్వు కోపం పట్టకు, మాట్లాడు అన్నడు. నేను మాట్లాడలేదు. దవాఖాన్ల అడిగిండు. అరుణ్‌తోని మాట్లాడినవా అని. మాట్లాడిన అన్న. మంచి పని చేసినవ్ అని నా చెయ్యి పట్టుకున్నడు. నీ ఫోన్ వచ్చినప్పుడల్ల గా అబద్ధమే యాదికొస్తది. ఎట్ల ఎత్తాలె చెప్పు?"

పల్లవి లేచి గడప దాకా వచ్చింది. నా భుజం మీది తువ్వాల తీసి వాడి వైపు చాపింది.

"గా అబద్ధాన్ని ఇయ్యాల నిజం చేస్త," అంది. "లోపటికి రా."